సుగ్గోళ్ల లెక్కలు

"ఇవి గావక్కా. ఇవి సుగ్గోళ్లవి."

మా పక్కింటామె మా పాప లెక్కల నోట్‌బుక్కు రెండు పేజీలు తిప్పి, మూసి, మళ్లీ నా చేతిలో పెడుతూ అన్న మాట అది. సాయంత్రం ఆరున్నర అయివుంటుంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఆమె కొడుకుదీ మా పాపదీ ఒకే క్లాసు, అయిదో తరగతి. ముందురోజు జ్వరమొచ్చి వాడు బడికి పోలేదు. వాడికి తప్పిపోయిన లెక్కలు రాయించుకోవడానికి మా పాప నోట్‌బుక్కు అడుగుదామని వచ్చింది. నేను ఇష్టంగానే తీసిచ్చాను. ఆ నోట్‌బుక్కు ఎవరికైనా చూపించాలంటే నాకు సరదా. పేజీ నిండా రైటు గుర్తులు, కింద టీచరు గీసిన నక్షత్రం. ఎక్కడా ఒక్క కొట్టివేత ఉండదు. నేను ఆ గుర్తులే చూసేదాన్ని, లెక్కలు ఎప్పుడూ చదవలేదు.

"సుగ్గోళ్లవంటే?" అన్నాను.

"అదే అక్కా, టీచరు బోర్డు మింద రెండు రకాల లెక్కలేస్తాది గదా. మావోనివి వేరే." నా మొహం చూసి నవ్వింది. "డిగ్రీ సదివినావు, ఇంట్లో పిల్ల ఏం సదువుతాందో నీకు తెల్దా?"

ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. వాళ్లది మగ్గం నేసే ఇల్లు. మనిషి మంచిది. పండగకు చీర తీసుకుంటే అంచు ఎలా ఉందో చూసి చెప్పేది ఆమే. అయినా ఆమె వెళ్లాక నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. అన్నం మాడిన వాసన వచ్చేదాకా కదల్లేదు.

సుగ్గి అంటే మా వైపు వలస. దీపావళి దాటితే పెద్దకడుబూరు, హాలహర్వి వైపు ఊళ్లు సగం ఖాళీ అవుతాయి. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి కుటుంబాలకు కుటుంబాలు లారీలెక్కి గుంటూరు వైపు పోతాయి. మళ్లీ ఎండలు ముదిరాకే రావడం. ఎమ్మిగనూరు అంచున మేముండే కాలనీలో కూడా చాలామంది అలా పోయేవాళ్లే. మేము పోము. మా ఆయన ఆదోనిలో పత్తి మిల్లులో తూకాల దగ్గర పని చేస్తాడు, రోజూ బస్సులో పోయి వస్తాడు. పెళ్లయినప్పటి నుంచి నేను సుగ్గికి పోయింది లేదు. చిన్నప్పుడు మాత్రం మా అమ్మానాన్నల వెంట పోయాను. ఆ సంగతి నా పిల్లలకు చెప్పలేదు.

మరి మా పాప నోట్‌బుక్కులోకి సుగ్గి ఎలా వచ్చింది?

అన్నం పెడుతూ అడిగాను. "బోర్డు మింద రెండు రకాల లెక్కలిస్తారంట గదా?"

"ఔ."

"నువ్వేవి చేస్తావు?"

"మావి. కుడిపక్కవి."

చారు ఇంకొంచెం పోయమంది. అంతే. కిటికీకి రెండు రెక్కలుంటాయన్నంత మామూలుగా చెప్పింది. మూడో తరగతి చదివే మా బాబు మధ్యలో దూరి, "నా క్లాసులో గీత ల్యా. నావీ అందరివీ ఒకటే లెక్కలు," అన్నాడు. గీత అనే మాట మొదట వాడి నోటి నుంచే విన్నాను.

అనుమానం వచ్చినప్పుడు నేను అడగను, చూస్తాను. మా అమ్మ నుంచి వచ్చిన గుణం. మరునాడు బాబు నీళ్ల బాటిలు మరిచిపోయాడని సాకు పెట్టుకుని బడికి పోయాను. బాటిలు వాడు మరిచిపోలేదు, నేనే సంచిలోంచి తీసి దాచాను. అయిదో తరగతి గది కిటికీలు వరండాలోకి ఉంటాయి. స్తంభం పక్కన నిలబడి చూశాను.

నల్లబోర్డు నడిమికి పైనుంచి కిందికి సుద్దతో నిలువు గీత. ఎడమవైపు భిన్నాలు, పొలాల లెక్కలు, రైలు లెక్కలు. కుడివైపు కూడికలు. నలభై ఎనిమిదికి ముప్పై ఏడు కలుపు. అయిదో తరగతిలో! పిల్లలు కూడా బోర్డు ఎలా ఉందో అలాగే కూర్చున్నారు. ఎడమవైపు మగ్గాల వాళ్ల పిల్లలు, అంగళ్ల వాళ్ల పిల్లలు, మా కాలనీలోని మగపిల్లలు చాలామంది. కుడివైపు అంతా ఆడపిల్లలే, ఇద్దరు తప్ప. దాదాపు అందరివీ మా గేరి ఇళ్లే, అంటే మావాళ్ల వీధివే. మా కులం పేరు ఇక్కడ రాయను. రాస్తే చదివేవాళ్లు మా గురించి తమకు ముందే తెలుసనుకుంటారు.

ఆ గీత కులం చూసి గీసింది కాదని, ఆడా మగా చూసి గీసింది కాదని నాకు తర్వాత తెలిసింది. సుగ్గికి పోయే ఇళ్లలో మగపిల్లవాడిని అవ్వ దగ్గరో హాస్టల్లోనో ఉంచి పోతారు, వాడి చదువు పోకూడదని. ఆడపిల్లను వెంట తీసుకుపోతారు, చేను గట్టున చంటిబిడ్డను ఎత్తుకోవడానికి. అందుకే ఉండేవాళ్లు, పోయేవాళ్లు అని విడదీస్తే ఆ గీత తనంతట తానే మా గేరి మీదుగా, మా ఆడపిల్లల మీదుగా పోతుంది.

కానీ కిటికీ దగ్గర నన్ను భయపెట్టింది గీత కాదు. మా పాప అందరికంటే ముందు లెక్కలు ముగించింది. పెన్సిలు పెట్టెలో పెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంది. ఇంకా చాలా సమయం ఉంది. ఎడమవైపు బోర్డు ఆమె ఎదుటే ఉంది. అటు ఒక్కసారైనా చూస్తుందేమోనని నేను చాలాసేపు నిలబడ్డాను. చూడలేదు. ఫ్యాను చూసింది, పక్కపిల్ల జడ చూసింది, తన గోళ్లు చూసుకుంది. అటువైపు ఖాళీ గోడ ఉన్నట్టు కూర్చుంది.

ఇంటికి వచ్చి ఒక్కొక్కరినీ అనుమానించడం మొదలుపెట్టాను. టీచరుకు మా కులమంటే చిన్నచూపేమో. బడిలో చేర్చిన రోజు ఎవరో గుమాస్తా మా సర్టిఫికెట్ చూసి ఏదైనా గుర్తు పెట్టాడేమో. పక్కింటామెకు ఇన్నాళ్లూ తెలిసీ చెప్పలేదేమో. ఆఖరికి మా ఆయన్ను కూడా. ఆరో తరగతికి గురుకులం ప్రవేశ పరీక్ష ఉందని, దసరా సెలవుల లోపల పేర్లివ్వాలని బడిలో చెప్పి పది రోజులైంది. ఈయనకు పాపను హాస్టల్‌కు పంపడం ఇష్టం లేదు. ఈయనే టీచరుతో ఏమైనా అన్నాడా? రాత్రి ఆయన చొక్కా విప్పుతుంటే అడిగేశాను.

"నాకేం పనే ఆడ? బడి గేటు గూడ జూల్యా నేను," అన్నాడు. "నీకు యాడ జూసినా దొంగలే కనపడతారు."

"అద్సరే, మన పాప పరీక్షకు పేరిచ్చిందా?"

"నువ్వే గదా సదివిచ్చేది. నన్నడుగుతావేమి?"

నిజమే. పేరివ్వమని నేను పాపకు చెప్పాను, ఇచ్చి ఉంటుందనుకున్నాను. అడగలేదు.

మా ఆయనకు చెప్పని విషయం ఒకటుంది. పదో తరగతిలో నాకు అన్నిటికంటే ఎక్కువ మార్కులు వచ్చింది లెక్కల్లోనే. ఇంటర్‌లో చేరడానికి ఆదోనికి పోయాను, కాలేజీలో కిటికీ దగ్గర వరసలో నిలబడ్డాను. నా ముందు మా ఊరి పిల్లలు ఇద్దరు. వాళ్లు లెక్కలుండని హెచ్.ఇ.సి. గ్రూపు అన్నారు. నా వంతు వచ్చింది. లోపలున్న ఆయన మార్కుల కాగితం చూసి, "లెక్కలు బాగున్నాయే, ఎం.పి.సి. రాసేదా?" అన్నాడు. వద్దు సార్, హెచ్.ఇ.సి. అన్నాను. నన్ను ఎవరూ ఆపలేదు. ఇంట్లో ఎవరికీ ఆ గ్రూపుల పేర్లు కూడా తెలియవు. ఆ కాగితం మీది అంకె నాదని నాకే నమ్మకం లేదు. పేపరు దిద్దినవాళ్లు ఏదో జాలిపడి వేశారనుకున్నాను. ఇన్నేళ్లకు, పిల్లలు పడుకున్నాక ఇది రాస్తుంటే, ఆ కిటికీ దగ్గరి మనిషి గొంతు నాకు స్పష్టంగా వినిపిస్తోంది. ఆయన మర్యాదగానే అడిగాడు. ఆ మర్యాదను కూడా నేను అనుమానించాను.

మరునాడు బడి వదిలే వేళకు పోయి టీచరును కలిశాను. మంత్రాలయం దగ్గరి మనిషి. వాళ్ల ఇంట్లో మూడు తరాలుగా అందరూ పంతుళ్లే అంటారు. సన్నగా, ఎప్పుడూ అలసిపోయినట్టుంటుంది. నన్ను కూర్చోమని కుర్చీ లాగింది.

"మా పాప కుడిపక్క ఏమిటికుంది మేడం?"

ఆమె ఆశ్చర్యపోయింది. "సుగ్గికి పోయే పిల్లలను అటువైపు కూర్చోబెడతానమ్మా. నాలుగైదు నెలలు ఉండరు కదా. తిరిగొచ్చేసరికి అన్నీ మరిచిపోతారు. రానివి ఇచ్చి ఎర్రగా కొట్టేస్తే మళ్లీ బడి మొహం చూడరు. వచ్చినవి ఇస్తే తలెత్తుకుని కూర్చుంటారు. అటువైపు పిల్లల బుక్కుల్లో నేను ఒక్క తప్పు కూడా కొట్టను, చూడండి కావాలంటే."

చెప్పే తీరు చూస్తే అబద్ధం కాదు. ఆ గీత ఆమె జాలితో గీసిందే. నేను ముందుగా తయారు చేసుకుని పోయిన మాటలు పనికిరాకుండా పోయాయి.

"మేము సుగ్గికి పోము మేడం. ఎప్పుడూ పోలేదు."

"అదేమమ్మా? పోయిన సంవత్సరం నాలుగో తరగతికీ నేనే కదా, దీపావళి దాటాక పాప నెలన్నర రాలేదు. అందరితోపాటే పోయింది, కొంచెం ముందొచ్చింది. నేను రిజిస్టరులో కూడా అట్లే రాసుకున్నాను."

నేను వేళ్ల మీద నెలలు లెక్కపెట్టాను.

పోయిన ఏడు దీపావళి తర్వాత మా చెల్లెలికి పెద్దకడుబూరు దగ్గర మా పుట్టింట్లో కాన్పయింది. సిజేరియన్. అమ్మానాన్న అప్పటికే సుగ్గికి పోయారు. బాలింతను చూసుకోవడానికి నేను పోయాను. పసిబిడ్డను ఎత్తుకోవడానికి, నీళ్లు తేవడానికి ఒక చెయ్యి కావాలని పాపను వెంట తీసుకుపోయాను. బాబును తీసుకుపోలేదు. వాడి కోసం మా అత్తను ఇంటికి పిలిపించాను, వాడికి బడి పోకూడదని. టీచరుకు ఎవరితోనూ కబురు చేయలేదు. మావైపు ఆడపిల్ల బడి మానితే ఎవరు చెబుతారు? ఎవరు అడుగుతారు?

అంటే పాపను గీతకు అటువైపు కూర్చోబెట్టింది నేనే.

అలా అనుకుని ఊరుకుంటే నేను నేను కాదు. లేచి నిలబడ్డాక అడిగాను. "మేడం, మా పక్కింటి మగ్గం వాళ్ల పిల్లోడు నెలన్నర రాకపోయింటే మీరేమనుకునేవాళ్లు?"

"ఒంట్లో బాగాలేదేమోనని..." అని ఆగిపోయింది.

ఆమె బోర్డు వైపు తిరిగింది. కుడివైపు సగం తుడిచేసి ఉంది. ఆమె చీర కొంగుతో చేతి సుద్ద తుడుచుకుంది.

"పరీక్షకు పేర్లు రేపు ఆఖరమ్మా," అంది మెల్లగా. "ఎవరెవరు రాస్తారో చెయ్యెత్తమని రెండుసార్లు అడిగాను. పాప ఎత్తలేదు. నేను వద్దనలేదు, నిజంగా. ఇప్పుడైనా మీరు రాయమంటే రాస్తాను."

రాయమని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. నేను పేరిచ్చి, పాప పోయి ఖాళీ కాగితం పెట్టి వస్తే? అమ్మ కోసం పోయానంటుంది. ఆ తర్వాత జీవితాంతం అంతే.

వస్తూ పక్కింటికి పోయి వాళ్ల పిల్లవాడి నోట్‌బుక్కు అడిగాను. అందులోంచి ఒక లెక్క కాగితం మీద రాసుకున్నాను. ఒక రైతు తన పొలంలో మూడింట రెండు వంతులు పత్తి వేశాడు. మిగిలినదాంట్లో సగం వేరుశనగ వేశాడు. వేరుశనగ నాలుగెకరాలైతే మొత్తం పొలం ఎంత? ముందు నేను వేరే కాగితం మీద చేశాను. పన్నెండెకరాలు వచ్చింది. పాప పాఠ్యపుస్తకం చివర జవాబు చూస్తే తప్పు. మళ్లీ చేస్తే పద్దెనిమిది. మూడోసారి చేయలేదు.

సాయంత్రం చదువుల వేళ ఆ లెక్క పాప ముందు పెట్టాను. చూసి వెనక్కి తోసింది.

"ఇది ఉండేటోళ్లది, మా."

"మనము ఉండేటోళ్లమే గదా."

"యాడ? పోయినేడు నన్ను తోలుకపోయినావు గదా అవ్వోళ్లూరికి. తమ్మున్ని తోలుకపోలేదు. వాడుండేటోడు. నేను గాదు."

పదేళ్ల పిల్ల నింద వేసినట్టు అనలేదు. లెక్కలో ఒక మెట్టు చెప్పినట్టు చెప్పింది. బాబు తలెత్తి నన్ను, ఆమెను మార్చి మార్చి చూశాడు. నేను కాగితం మళ్లీ ఆమె ముందుకు జరిపి, రాకపోతే పోనీలే, చూడు ఒకసారి అన్నాను.

ఆమె స్కేలు తీసుకుని పొలం గీసింది. మూడు ముక్కలు చేసింది. రెండింటిలో పత్తి అని రాసింది. మూడోదాన్ని అడ్డంగా కోసి ఒక సగంలో బుడ్డలు, అంటే వేరుశనగ, అని రాసింది. "బుడ్డలు నాలుగెకరాలంటే పక్కన ఖాళీ గూడ నాలుగే," అని తనలో తాను గొణిగింది. ఇంకేమీ గుణించలేదు. ముక్కలన్నీ పెన్సిలు మొనతో తాకుతూ నాలుగు, ఎనిమిది అని లెక్కపెట్టుకుంటూ పోయింది.

"ఇరవై నాలుగు." పెన్సిలు కింద పెట్టింది. "ఇరవై నాలుగెకరాలా! అంత పొలముంటే వాడెందుకు లెక్కలేసుకునేది మా, కూలోళ్లను పెట్టి ఏపిచ్చుకుంటాడు." బాబు పడీ పడీ నవ్వాడు, పాప కూడా నవ్వింది.

నేను కూడా నవ్వి, "సరైన జవాబు," అన్నాను.

ఆమె నవ్వు ఆగింది. కాగితం తిప్పి వెనకవైపు చూసింది, అక్కడ ఇంకేదైనా రాసి ఉందేమోనన్నట్టు. నా కళ్లలోకి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. నేను మనుషులను చూసే చూపే అది.

"నాకని సులభమైంది ఏరి తెచ్చినావు గదా మా?"

కాదన్నాను. ఒట్టు పెట్టాను. నమ్మలేదు. "టీచరు గూడ అట్లే జేస్తాది. మాకన్నీ వచ్చేవే ఇస్తాది. మంచిది టీచరు," అని బుక్కులు సర్దుకుని లేచిపోయింది.

ఏడాదిగా వచ్చిన రైటు గుర్తులన్నీ ఆమెకు ఇదొక్కటే నేర్పాయి. తనకు వచ్చిందంటే అది సులభమైనదే అయివుండాలి. నేను ఆదోనిలో కిటికీ ముందు పదహారేళ్లకు అనుకున్నది ఆమె పదేళ్లకే అనుకుంటోంది. తప్పు వస్తే ఆమెకు చెప్పుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. సరిగ్గా వచ్చినప్పుడు ఏం చెప్పి నమ్మించాలి? నువ్వు తెలివైనదానివి అంటే, అమ్మ కాబట్టి అంటావు అంటుంది. టీచరును తిడితే, ఆ టీచరే ఆమెకు ఇష్టం. మా ఆయన వచ్చాక చెప్పాను. అంతా విని, "నువ్వు తప్పుజేసిన కాగితం చూపిచ్చినావా దానికి?" అన్నాడు. చూపించలేదు. సిగ్గనిపించి పోపుల డబ్బా కింద పెట్టాను.

మరునాడు బడిలో ఆమె పరీక్షకు తన పేరు తానే ఇచ్చింది. పరీక్ష ఇంకా జరగలేదు. ఇచ్చిందని తెలిసినప్పుడు నాకు సంతోషం కన్నా భయమే ఎక్కువైంది, ఇప్పటికీ అంతే. పేరిచ్చాక ఎవరేమన్నారు, ఎవరు నవ్వారు అని రోజూ అడుగుతూనే ఉన్నాను. కానీ ఆ ఉదయం జడలు వేసేటప్పుడు నాకు ఇవేమీ తెలియవు. బాబు గడప మీద కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు. నేను పోపుల డబ్బా కింది కాగితం తీసి పాప ఒళ్లో పెట్టాను.

"నిన్నటి లెక్క ఎడమపక్కది. నాకు రెండుసార్లు తప్పొచ్చింది, చూడు, పన్నెండొకసారి, పద్దెనిమిదొకసారి. మూడోసారి చేతగాక ఇడ్సిపెట్టినా. సులభమైందయితే నాకొచ్చేది గదా."

పాప కాగితం చాలాసేపు చూసింది. "ఈడ తప్పుజేసినావు మా," అంది, పన్నెండు దగ్గర వేలు పెట్టి. "ఖాళీది మరిచిపోయినావు."

"ఔ. మరిచిపోయినా. ఇంకోటి ఇను. పోయినేడు నిన్ను బడి మానిపిచ్చింది నేను. ఆడపిల్లవని తోలుకపోయినా. నీకు సదువు రాదని గాదు. టీచరుకు సెప్పకుండ పోయినాను, ఆమె సుగ్గి అనుకున్నాది. ఇద్దరిదీ తప్పే. ఇంగ ఈ ఇంట్లో ఎవురన్నా బడి మానల్లంటే," అని బాబు వైపు తిరిగాను, "ఈసారి నీ వంతు."

"నేనా! నాకు బిడ్డనెత్తుకునేది రాదు," అన్నాడు వాడు.

"నేర్చుకుంటావు. అక్క యాడ నేర్చుకుంది?"

పాపకు నవ్వొచ్చింది కానీ దాచుకుంది. సంచి భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని, వాకిట్లో ఆగింది. "మా, ఎడమపక్క కూసుంటానంటే సోటు లేదంటారు."

"పేరు నేను రాపియ్యలేదు, రాపియ్యను గూడ. పరీక్ష రాస్తావో రాయవో టీచరుకు నువ్వే సెప్పు. లెక్కలు మాత్రం రెండు పక్కలవీ చెయ్యి. తప్పులొస్తాయి, నాకు రాలేదా? సోటు లేదంటే గోడకు ఆనుకుని నిలబడి రాసుకో. సాయంత్రమొచ్చి నాకు సెప్పు, లేదన్నోళ్లు ఎవురో."